అరటి చెట్టుకి లైట్లు కట్టేదెవరు?

ఏ దేశంలో క్రిస్మస్ ఎలా చేసుకుంటారో చెప్పే పిల్లల బొమ్మల పుస్తకం ఏది చేతికొచ్చినా నేను మొదటి పేజీ నుంచి చదవను. ఇండియా ఎక్కడుందో వెతికి ముందు అక్కడికే పోతాను. దేశభక్తి అనుకునేరు, అదేం కాదు. ఆ మొత్తం పుస్తకంలో నా అంతట నేను సరిచూడగలిగేది ఆ ఒక్క పేజీయే. ఇథియోపియా గురించి ఏం రాసినా, ఐస్‌లాండ్ గురించి ఏం రాసినా నమ్మి ఊరుకోవాల్సిందే. మన గురించి ఎంత తెలుసుకుని రాశారో చూస్తే మిగతావాళ్ళ గురించి ఎంత తెలుసుకుని ఉంటారో ఓ అంచనాకి రావచ్చు.

ఆ పేజీలో ఉండే సరుకు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇండియాలో క్రిస్మస్ చెట్లు పెరగవు కాబట్టి జనం అరటి చెట్టునో మామిడి చెట్టునో అలంకరిస్తారు, ఇంటి కప్పు మీద మట్టి ప్రమిదలు వెలిగిస్తారు. పక్కన ఎర్ర చీర కట్టుకున్న ఒకావిడ బొమ్మ, ఒక్కోసారి వెనకాల తాజ్‌మహల్. అయిపోయింది, పేజీ తిప్పితే ఇటలీ. కొన్నిట్లో అసలు ఇండియానే ఉండదు, అది వేరే సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో క్రైస్తవులు 2 కోట్ల 78 లక్షల మంది, అంటే ఆ ఏడాది ఆస్ట్రేలియాలో ఉన్న మొత్తం జనం కంటే ఎక్కువ. అయినా ఆస్ట్రేలియాకి రెండు పేజీలు ఇస్తారు, సముద్రం ఒడ్డున నిక్కరు వేసుకున్న క్రిస్మస్ తాతతో సహా.

మాది శ్రీకాకుళం, తాతల నాటి నుంచీ బాప్టిస్టు కుటుంబం. పెళ్ళయ్యాక విజయనగరంలో ఉంటున్నాను. ఈ పుస్తకాలు మా ఊరి దాకా ఎలా వస్తాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. అప్పుడప్పుడు ఏ కల్యాణ మండపంలోనో పుస్తకాలు కిలోల లెక్కన అమ్ముతారు. ఇంగ్లండులోనో అమెరికాలోనో స్కూలు లైబ్రరీలు వదిలించుకున్నవి, లోపలి అట్ట మీద ఎవరిదో రబ్బరు ముద్రతో, టేబుళ్ళ మీద గుట్టలుగా పోసి ఉంటాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలున్న అమ్మానాన్నలు బుట్టలు పట్టుకుని ఎగబడతారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే, గట్టి అట్ట, నిగనిగలాడే కాగితం, అంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతాయి! అక్కడే కౌంటర్ దగ్గరున్న కుర్రాణ్ణి, తెలుగులో ఇలాంటివేమైనా ఉన్నాయా బాబూ అని అడిగితే, పాపం లోపలికెళ్ళి వెతికి వెతికి బైబిలు కథల బొమ్మల పుస్తకం తెచ్చిచ్చాడు.

మా అన్నయ్య కూతురు మూడో తరగతి. ఇంటికొచ్చి ఆ పుస్తకాల్లో ఒకటి తిరగేస్తూ, "అత్తా, మనం అరటి చెట్టుకి లైట్లెందుకు కట్టట్లేదు? మనం పండగ సరిగ్గా చెయ్యట్లేదేటి?" అంది. అలాంటిదేం లేదే అంటే, "పుస్తకంలో ఉంది కదా మరి" అంది. దాని ఇంట్లో, దాని కళ్ళ ముందు ఏటేటా జరిగే పండగ కంటే ఎవరో ఎక్కడో కూర్చుని రాసిన నాలుగు లైన్ల మీద దానికి నమ్మకమెక్కువ. నా తగువంతా ఇక్కడే మొదలవుతుంది.

అరటి చెట్టు మాట పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేసి ఊరుకునేదాన్ని. కాదు కాబట్టే చిరాకు. మన చర్చిల్లో పండగకి పందిరేస్తే గుమ్మానికి అటూ ఇటూ అరటి చెట్లు కడతారు, పైన మామిడాకుల తోరణం కడతారు. కానీ అది క్రిస్మస్ ఆచారం కాదు, పందిరి ఆచారం. పెళ్ళికీ కడతాం, గృహప్రవేశానికీ కడతాం, ఊళ్ళోకి మంత్రిగారొస్తే స్వాగత ద్వారానికీ కడతాం. ఏ మతం వాళ్ళింట్లో శుభకార్యమైనా ఈ నేల మీద అరటి చెట్టు గుమ్మం దగ్గర ఉండాల్సిందే. ఎప్పుడో ఎవరో బయటివాళ్ళు ఓ చర్చి గుమ్మం దగ్గర దాన్ని చూసి, వీళ్ళకి మంచు కొండల చెట్టు దొరక్క దీంతో సరిపెట్టుకుంటున్నారు అనుకుని ఉంటారు. తర్వాత ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం. మనకున్నది మనం పెట్టుకుంటే, వాళ్ళకది మనకి లేనిదాన్ని కప్పిపుచ్చుకోవడంలా కనబడింది. కారణం తీసేసి ఆచారం ఒక్కటే రాస్తే జరిగేది ఇదే.

అసలు మేం చెట్టుగా పెట్టేదేంటో ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఇప్పుడంటే బజార్లో ప్లాస్టిక్ చెట్లు వచ్చాయి గానీ, నా చిన్నప్పుడు సరుగుడు కొమ్మే. సముద్రం వైపు తోటల నుంచి ఎవరో ఒకరు సైకిల్ మీద వేసుకొచ్చేవారు, ఇసక నింపిన బకెట్లో పాతి, దూది అంటించి, అట్టముక్కలతో చేసిన చుక్కలు వేలాడదీసేవాళ్ళం. ఇప్పటికీ చాలా పల్లె చర్చిల్లో అంతే. తమాషా ఏంటంటే ఆ సరుగుడు కూడా మనది కాదు, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల చెట్టు. వంటచెరుకుకీ, తుఫాను గాలికి అడ్డుగా ఉండటానికీ మన తీరంలో పెంచారు. అలా వచ్చిన చెట్టు శ్రీకాకుళంలో క్రిస్మస్ చెట్టయింది. రాయగలిగినవాళ్ళకి ఇందులో ఎంత కథ ఉంది! కానీ దేశానికో పేజీ అనే పద్ధతిలో ఈ కథ ఎక్కడ పడుతుంది? ఇండియా పేజీలోనా, ఆస్ట్రేలియా పేజీలోనా?

నా వాదన అదే. దేశానికో పేజీ, పేజీకో ఆచారం అని గళ్ళు గీసుకున్నాక ఆ పుస్తకం స్కూలు ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా తయారవుతుంది. ఒక్కొక్కరు వచ్చి తమ దేశం పేరు చెప్పి, ఓ వింత చూపించి దిగిపోతారు. చూసిన పిల్లకి మిగిలేది బయటివాళ్ళు భలే విచిత్రమైనవాళ్ళు అన్న ఒక్క ముక్క. ఒక పండగ ఊరి నుంచి ఊరికి ఎలా నడిచింది, ఎవరి చేతిలో ఎలా మారింది, ఎందుకు మారింది అన్న అసలు విషయం గళ్ళ మధ్య గీతల్లో పోతుంది. క్రిస్మస్ చెట్టు సంగతే చూడండి. జర్మన్ల ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే, 1848లో లండన్ పత్రిక ఒకటి విక్టోరియా రాణి కుటుంబం ఆ చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ వేశాక ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది. రాణిగారి భర్త జర్మన్ కదా మరి. కుండీల్లో పెట్టుకునే ఆ ఎర్రాకుల పాయిన్‌సెట్టియా మొక్క మెక్సికోది, అక్కడికి అమెరికా రాయబారిగా వెళ్ళిన పాయిన్‌సెట్ అనే ఆయన 1820ల్లో తన దేశానికి పంపించాడు, దానికి ఆయన పేరే తగిలించారు. ఇవన్నీ ప్రయాణాలు. కెనడా పేజీలో మంచు మనిషి ఉంటాడు సరే, కెనడా నుంచి ఓడెక్కి వచ్చి శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి ఊళ్ళలో బడులూ ఆస్పత్రులూ పెట్టిన బాప్టిస్టులు ఆ పేజీలో ఉండరు. మా తాతగారి చేత మొదటి అక్షరం దిద్దించింది వాళ్ళ బడే.

పిల్లలకి కారణాలు ఎక్కవు, బొమ్మలే చాలు అంటారు కొందరు. నాకైతే అది పెద్దవాళ్ళ బద్ధకం అనిపిస్తుంది. మూడో తరగతి పిల్లకి ఎందుకు అన్న మాట తప్ప ఇంకో మాట రాదు, ఏ ఇంట్లోనైనా చూసుకోండి.

ఒక ఉదాహరణ చెప్తాను. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలకి నాలుగు కొవ్వొత్తులు పెట్టే ఆకుల చక్రం బొమ్మ జర్మనీ పేజీలో తప్పకుండా ఉంటుంది. బొమ్మ బాగుంటుంది, కింద ఒక వాక్యం ఉంటుంది, పిల్లలు పేజీ తిప్పేస్తారు. దాని వెనక కథ ఇది. హాంబర్గ్‌లో విహెర్న్ అనే పాస్టరు దిక్కులేని పిల్లల కోసం ఓ ఆశ్రమం నడిపేవాడు. డిసెంబరు వస్తే చాలు పిల్లలు రోజూ వచ్చి పండగ ఎప్పుడు, పండగ ఎప్పుడు అని ప్రాణం తీసేవాళ్ళు. 1839లో ఆయన ఓ పాత బండి చక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు గుచ్చాడు, మామూలు రోజులకి చిన్నవి, ఆదివారాలకి పెద్దవి నాలుగు. రోజుకొకటి వెలిగించండ్రా, మీకే తెలుస్తుంది ఇంకెన్ని మిగిలాయో అన్నాడు. తర్వాత తర్వాత ఇళ్ళలోకి వచ్చేసరికి చక్రం చిన్నదైంది, చిన్న కొవ్వొత్తులు పోయి నాలుగే మిగిలాయి. ఇది మా మేనకోడలికి చెప్పాను. వెంటనే, "మరి ఆ పిల్లలు దొంగతనంగా రెండేసి వెలిగించేసీవోరు కాదేటి?" అంది. ఏ బొమ్మా ఆ ప్రశ్న పుట్టించలేదు.

మా ఇళ్ళ మీద డిసెంబరు మొదట్లోనే కర్ర కట్టి స్టారు వేలాడదీస్తాం, లోపల బల్బుతో. రోడ్డు మీద వెళ్తుంటే ఎవరిది క్రైస్తవుల ఇల్లో చెప్పేది అదే. నక్షత్రం కథ ఎంత దూరం పోతుందో చూడండి. జర్మనీలో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ళ మగపిల్లల బడి ఒకటుండేది, నీస్కీ అనే ఊళ్ళో. అక్కడ 1830ల్లో లెక్కల మాస్టారు రేఖాగణితం పాఠం చెప్పడానికి పిల్లల చేత కాగితంతో కోణాల కోణాల నక్షత్రం చేయించాడు. పాఠం కాస్తా పండగ దీపమైంది. ఇటు ఫిలిప్పీన్స్‌లో వెదురు పుల్లలూ పల్చటి కాగితం కలిపి చేసే పరోల్ అనే నక్షత్ర దీపం ఇంకోటి. అక్కడ పాంపంగా రాష్ట్రంలో శాన్ ఫెర్నాండో అనే పట్టణంలో మేడంత నక్షత్రాలు కట్టి పోటీలు పెడతారు, వేల బల్బులు సంగీతానికి తగ్గట్టు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. కంప్యూటరుతో అనుకునేరు. పెద్ద ఇనుప డ్రమ్ము మీద అక్కడక్కడా టేపు అంటిస్తారు, దానికి వరసగా తలపిన్నులు ఆనించి ఉంటాయి, ఒక్కో పిన్నుకి ఒక్కో తీగ. డ్రమ్ము తిప్పుతుంటే పిన్ను ఇనుముకి తగిలినప్పుడు లైటు వెలుగుతుంది, టేపు మీదకి రాగానే ఆరుతుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం అంతా కట్టే సీరియల్ సెట్ల కింద తిరిగిన పిల్లకి ఇది చెప్పి చూడండి, నిద్రపోతుందేమో! నేను చూసిన పుస్తకాల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు రంగురంగుల దీపాలు పెడతారు అన్న వాక్యం మాత్రం ఉంది.

అదే ఫిలిప్పీన్స్‌లో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు ఇంకా చీకటి ఉండగానే లేచి చర్చికి పోతారు. అంత పొద్దున్నే ఎందుకూ అంటే, స్పెయిన్ వాళ్ళ పాలనలో రైతులు ఎండెక్కక ముందే పొలానికి వెళ్ళాలి కాబట్టి పూజని చీకట్లోకి జరిపారు. పూజయ్యాక చర్చి బయటే బియ్యప్పిండి రొట్టెలు వేడివేడిగా అమ్ముతారు, అరటాకు పరిచిన మట్టి పాత్రలో పిండి పోసి కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. (అరటాకు, చూశారా! ఆ పేజీలో మాత్రం అరటి లేదు.) ఇప్పుడు మన దగ్గరికి రండి. డిసెంబరు 16 ప్రాంతంలోనే నెలగంట పెడతారు, ధనుర్మాసం మొదలు. తెల్లారకుండానే ముగ్గులు, గుడి మైకులో తిరుప్పావై, వేడి వేడి ప్రసాదం. మా పక్కింటి పిన్నిగారు నాలుగింటికే లేచి కళ్ళాపి చల్లుతుంటే ఇల్లిల్లూ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే మా క్యారల్స్ కుర్రాళ్ళు అప్పుడే ఇళ్ళకి తిరిగొస్తుంటారు, ఇద్దరూ వీధిలో ఎదురుపడి పలకరించుకుంటారు. కోతలయ్యే కాలంలో, చీకటితో లేచే పండగలు రెండు సముద్రాల అవతల కూడా ఉన్నాయంటే విజయనగరం పిల్లకి ఫిలిప్పీన్స్ వింతగా కనబడదు.

తేదీల సంగతి ఇంకా ఘోరం. ఇథియోపియాలో, రష్యాలో క్రిస్మస్ జనవరి 7న అని రాసి వదిలేస్తారు. ఎందుకు? వాళ్ళ చర్చిలు పాత క్యాలెండరు లెక్క వదల్లేదు కాబట్టి. పాత లెక్కలో ఏడాదికి 365 రోజుల 6 గంటలు, అసలు ఏడాది అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. శతాబ్దాల మీద ఆ నిమిషాలు పోగై ఇప్పటికి 13 రోజులైంది. 1582లో పోప్ గ్రెగరీ లెక్క సరిచేస్తే కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. ఇది పిల్లలకి కష్టమంటారా? మన సంక్రాంతితో చెప్పండి. వివేకానందుడు 1863 జనవరి 12న పుట్టాడు, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు సంక్రాంతి 14నో 15నో వస్తోంది. మన పంచాంగం ఏడాది అసలు ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ, లెక్క వేరు గానీ నిమిషాలు పోగై పండగ జరిగిపోవడం అదే. పోనీ ఆ జనవరి 7 అయినా ఎప్పటికీ నిజమా అంటే, 2023లో యుక్రెయిన్ ఆ సెలవు తీసేసి డిసెంబరు 25కి మారిపోయింది, రష్యాతో యుద్ధం మధ్యలో. కిలోల లెక్కన కొన్న పుస్తకంలో యుక్రెయిన్ ఇంకా జనవరిలోనే ఉంది. ఆచారమంటే ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది అని పిల్లలకి నేర్పే పుస్తకాలకి ఇలాంటివి మింగుడుపడవు.

ఇక జపాన్. అక్కడ క్రిస్మస్‌కి వేయించిన చికెన్ తింటారు అని బొమ్మతో సహా ఉంటుంది. తింటారు, నిజమే, వారాల ముందే బుక్ చేసుకుని మరీ తింటారు. కానీ అది 1974లో కేఎఫ్‌సీ మొదలుపెట్టిన ప్రకటనల పుణ్యం. ఆ ముక్క పిల్లలకి చెప్పకపోవడం నాకు నచ్చదు. అక్షయ తృతీయ వచ్చిందంటే బంగారం షాపుల ప్రకటనలు టీవీల్లో ఎలా హోరెత్తుతాయో చూసే పిల్లలే కదా మనవాళ్ళు, ఎవరో అమ్ముకోవడానికి మొదలుపెట్టింది కూడా జనం మనసుపడి చేసుకుంటే పండగైపోతుందని వాళ్ళకి బాగానే అర్థమవుతుంది. స్వీడన్‌లో యేవ్లె అనే ఊళ్ళో 1966 నుంచి ఏటా వీధిలో పెద్ద గడ్డి మేకని నిలబెడుతున్నారు, చాలా ఏళ్ళలో ఎవరో ఆకతాయిలు దాన్ని తగలబెట్టారు. మేక బొమ్మ వేస్తారు గానీ తగలబడిన సంగతి రాయరు. పిల్లలకి అంతకంటే ఇష్టమైన కథ ఉంటుందా?

ఇంతకీ పిల్లల పుస్తకం మీద ఇంత రాద్ధాంతం ఎందుకంటారేమో. క్రిస్మస్ విషయంలో పిల్లల పుస్తకాలు ఆచారాలని ఊరికే రాసిపెట్టుకోలేదు, ఆచారాలని తయారు చేశాయి, అందుకు. క్రిస్మస్ తాత బండికి ఎనిమిది దుప్పులని ఎక్కడి నుంచి వచ్చింది? 1823 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో ఒక పేపరు రాసినవాళ్ళ పేరు లేకుండా వేసిన పిల్లల పద్యం నుంచి. ఎర్ర ముక్కు తొమ్మిదో దుప్పి? 1939లో షికాగోకి చెందిన మాంట్‌గోమరీ వార్డ్ అనే స్టోర్ల కంపెనీ, పండక్కి పిల్లల్ని ఆకట్టుకోవడానికి తన ఉద్యోగి చేత రాయించి పంచిన పుస్తకం నుంచి. ఆ ఒక్క ఏడాదే దాదాపు 24 లక్షల కాపీలు ఉచితంగా పంచారు. ఐస్‌లాండ్‌లో క్రిస్మస్ తాత ఒకడు కాదు, కొండల్లోంచి దిగొచ్చే పదమూడుగురు అల్లరి అన్నదమ్ములు. ఒకడు గిన్నెలు నాకుతాడు, ఒకడు తలుపులు దడదడలాడిస్తాడు, ఒకడు కొవ్వొత్తులు ఎత్తుకుపోతాడు. పాత కథల్లో వాళ్ళు ఎంతమంది, పేర్లేంటి అన్నది ఊరికో రకంగా ఉండేది. 1932లో ఒక కవి పిల్లల కోసం పద్యాలు రాసి పదమూడు పేర్లు, వరస, ఎవరెప్పుడొస్తారు అన్నీ రాశాక దేశమంతా అదే నిలిచింది. ఇప్పుడు వాళ్ళని వెయ్యేళ్ళ ఆచారంగా ప్రపంచానికి చూపించే పుస్తకాలన్నీ, తెలిసో తెలియకో, ఆ పిల్లల పుస్తకాన్నే చూపిస్తున్నాయి. కాబట్టి అరటి చెట్టు గురించి నా భయం ఉత్తి భయం కాదు. ఇంకో తరం పిల్లలు ఇదే చదివితే ఎవరో ఒకరు నిజంగానే అరటి చెట్టుకి లైట్లు కడతారు, ఇది మా పూర్వీకుల ఆచారమండీ అని టీవీలో కూడా చెప్తారు.

మన పండగలు మనకి తెలియనప్పుడు వాళ్ళ క్రిస్మస్ మనకెందుకు అని ఒకాయన మొన్న నాతోనే అన్నారు. వాళ్ళ క్రిస్మస్ అంటే ఎవరిదండీ? లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు విశాఖపట్నంలో దిగింది 1805లో. రెండు వందల ఏళ్ళకి పైగా ఈ గాలి పీల్చిన పండగ ఇంకా వాళ్ళదేనా? పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దంలో మన శ్రీకాకుళం, పర్లాకిమిడి నేల మీద తిరుగుతూ రాసిన కీర్తనలు ఇవాళ్టికీ ప్రతి తెలుగు చర్చిలో పాడతారు. ఆ కీర్తనల పుస్తకం తీస్తే ప్రతి పాట పైన రాగమేదో తాళమేదో రాసి ఉంటుంది. మా నాయనమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు, ఆ కీర్తనలు మాత్రం పుస్తకం చూడకుండా పాడేది, మధ్యలో తాళం తప్పితే తొడ మీద చరిచి సరిచేసేది. రాగతాళాలతో క్రిస్మస్ అన్న పేజీ ఎక్కడైనా చూశారా మీరు? మన పండగలు ముందు తెలియాలన్న మాటతో నాకు పేచీ లేదు, ఇది కూడా అందులో ఉందనే నా గోల. అయినా హిందువుల పిల్లలు ఈ పుస్తకాలు చదివితే చెడిపోతారనుకునేవాళ్ళ ఇళ్ళకి మా అరిసెల పళ్ళెం ప్రతి డిసెంబరులో వెళ్తుంది, సంక్రాంతికి ఆ పళ్ళేలు ఖాళీగా తిరిగి రాలేదు ఎప్పుడూ.

మరి పుస్తకం ఎలా ఉండాలంటావు అంటే, దేశాలతో మొదలుపెట్టకూడదంటాను. వీధితో మొదలుపెట్టాలి. సెమీ క్రిస్మస్ అని డిసెంబరు మొదటి వారం నుంచే కాలేజీల్లో ఆఫీసుల్లో కేకులు కోసే సరదా ఎవరి పుస్తకంలో ఉంది? రాత్రి పదింటికి ఆటోకి మైకు కట్టుకుని, డోలక్కు, కీబోర్డు వేసుకుని, దూది గడ్డం, ప్లాస్టిక్ మాస్కు పెట్టుకున్న క్రిస్మస్ తాతతో ఇల్లిల్లూ తిరిగే క్యారల్స్ ఒక్కటి చాలు పదహారు పేజీలకి. ఆ మాస్కు చూసి చంటిపిల్లలు జడుసుకుని ఏడవడం, కుక్కలు తాతని తరమడం, పన్నెండో ఇంట్లో కూడా టీ తాగక తప్పకపోవడం. ఒక ఇల్లు పొరపాటున వదిలేశారంటే ఆ ఇంటాయన ఏడాదంతా సంఘ పెద్దలతో మాట్లాడడు, మా చిన్నాన్నగారు అలా రెండు క్రిస్మస్‌లు అలిగారు. చర్చి ముందు ముగ్గు వేసి అందులో రంగులతో శుభాకాంక్షలు రాసే అమ్మాయిలు, గుమ్మం బయట గుట్టగా పడున్న చెప్పుల్లో తనవి వెతుక్కునే ముసలాయన, మిట్ట మధ్యాహ్నం దాకా సాగే ప్రసంగంలో కొత్త బట్టల మీదే ధ్యాసున్న పిల్లలు. ఆ గుమ్మం దగ్గర అరటి చెట్లు కూడా ఉండాలి, ఎందుకున్నాయో చెప్తూ.

అక్కడి నుంచి స్టారు పట్టుకుని జర్మనీ బడికి పోవచ్చు, డ్రమ్ము తిప్పే ఫిలిప్పీన్స్‌కి పోవచ్చు, సరుగుడు కొమ్మ పట్టుకుని సముద్రం దాటొచ్చు. సంక్రాంతి తేదీ పట్టుకుని ఇథియోపియా పోతే అక్కడ పండగ రోజు వంకర కర్రలతో ఆడే హాకీ లాంటి ఆట దొరుకుతుంది. అన్ని దేశాలూ రానక్కర్లేదు, ఐదారు చాలు. మన ఉత్తరాంధ్రలోనే ఒకటి కాదు కదా క్రిస్మస్, భావనపాడు వైపు తీరంలో ఒకలా, సీతంపేట కొండల్లో సవరల ఊళ్ళలో ఒకలా, టౌన్లో మా వీధిలో ఒకలా. ఆ పేజీలు ఆయా ఊళ్ళవాళ్ళే చెప్పాలి, నేను రాస్తే నేనూ ఇంకో అరటి చెట్టు నాటినదాన్నవుతాను.

అచ్చుకి డబ్బులెవరిస్తారు అన్నది రెండో ప్రశ్న. ప్రథమ్ బుక్స్ వాళ్ళ పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో ఎవరైనా తెలుగులో బొమ్మల కథ తయారుచేసి ఉచితంగా పెట్టొచ్చు, ముందు అక్కడ పెడదాం. కథల కోసమే కారా మాస్టారు కథానిలయం కట్టిన ఊరు మాది, కథలు రాసేవాళ్ళకి కరువు లేదు. కరువల్లా బొమ్మలు వేసేవాళ్ళకే. డోలక్కు పట్టుకునే చెయ్యి సరిగ్గా వేయగలిగినవాళ్ళు, కుక్క తాతని తరిమే బొమ్మలో కుక్క మొహం మన వీధి కుక్కలా ఉండేట్టు వేయగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద ఓ మాట రాయండి. నవంబరులోపే కూర్చోవాలి. డిసెంబరు వచ్చిందంటే క్యారల్స్ వాళ్ళు పగలు నిద్రపోతారు, రాత్రి దొరకరు.